రోగుల ఆహార లెక్కలు: ఎక్సెల్ షీటా, డైట్ సాఫ్ట్‌వేరా?

ఖర్చులో ఎక్సెల్‌దే పైచేయి. డైట్ సాఫ్ట్‌వేర్‌కు చందా, శిక్షణ, పైగా ఆసుపత్రి రికార్డులతో అనుసంధానం కావాలి. ఈ చివరిదాని ఖర్చు ఎంతో ముందే విడిగా అడగండి.

లెక్క మాత్రం రెండింట్లో ఒకటే. 60 కిలోల రోగికి కిలోకు 25 కిలోకేలరీలు, 1.2 గ్రాముల ప్రొటీన్ చొప్పున వేస్తే రోజుకు 1500 కిలోకేలరీలు, 72 గ్రాములు. తేడా ఆ తర్వాతే.

షీట్: బెడ్ మారితే ఎవరో ఒకరు టైపు చేయాలి. ఒక్క కాలమ్‌నే సార్ట్ చేస్తే ఒకరి అలెర్జీ మరొకరి పేరు పక్కన చేరుతుంది. ప్రమాదమంతా ఇక్కడే.

సాఫ్ట్‌వేర్: అనుసంధానం సరిగ్గా ఉంటే వార్డు మార్పు, ‘నోటి ద్వారా ఏమీ వద్దు’ ఆర్డరు నేరుగా వంటగది ట్రే చీటీకి చేరతాయి. అయితే అలెర్జీని నిర్ణీత గడిలో కాక నోట్సులో వాక్యంగా రాస్తే చాలా వ్యవస్థలు పట్టుకోవు.

మనం విడిగా చెప్పకపోతే షీటూ, సాఫ్ట్‌వేరూ రెండూ పొరబడే చోట్లున్నాయి. పచ్చి బరువుకు ఉడికిన పదార్థపు విలువలు వేయడం ఒకటి. ఐసీయూలో ప్రొపొఫాల్ (కొవ్వు ద్రావణంలో ఎక్కించే మత్తుమందు) మరొకటి: 1% మందులో మిల్లీలీటరుకు 1.1 కిలోకేలరీలు. గంటకు 20 మి.లీ. ఎక్కితే రోజుకు 528! ట్యూబ్ ఫీడ్ (గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం) లెక్కలోంచి ఈ కేలరీలు తీసేయకపోతే అధిక పోషణే.

ఒకే డైటీషియన్, కొద్ది బెడ్లు, ఎక్కువమందికి సాధారణ ఆహారం ఉంటే లాక్ చేసిన షీట్ చాలు. ఐసీయూ, డయాలసిస్, షిఫ్టులవారీ సిబ్బంది ఉంటే సాఫ్ట్‌వేరే. మొదటి రెండు వారాలు మాత్రం పాత షీట్‌నూ పక్కన నడపండి.