పిట్టగోడ గాడి నుంచి వంటగది గోడ దాకా: ఏడు వానాకాలాల తర్వాత

ఇల్లు రాజమండ్రిలో, 1993లో కట్టినది. తూర్పు ముఖం, 200 గజాల స్థలం, కింద ఒక వాటా, పైన ఒక వాటా. 2018 వేసవిలో ముందు ఎలివేషన్ మార్చి, కింది వాటాలో హాలుకీ వంటగదికీ మధ్య గోడ తీయించాం. పని అయిన కొత్తలో ఏ ఇల్లయినా మెరుస్తుంది. ఏడు వానాకాలాలు తడిశాక ఏది నిలిచిందో, ఏది చెడిందో ఇప్పుడు చెప్పొచ్చు.

అన్నిటికన్నా తక్కువ ఖర్చయిందీ, అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిందీ పిట్టగోడ మీద వేసిన కడప బండ. చాలా ఇళ్ళకి రెండేళ్ళలోనే ముందు గోడ మీద నల్లటి చారలు పడతాయి. అందరూ రంగుని తిడతారు. అసలు కారణం పిట్టగోడ నెత్తి. అది చదునుగా ఉంటే అక్కడ చేరిన దుమ్ము వానకి కరిగి గోడ ముఖం మీదుగా కారుతుంది, ఆ తడి దారిలోనే నాచు పడుతుంది. గోడ మందం ప్లాస్టరింగుతో కలిపి ఆరు అంగుళాలుంటే బండ పది అంగుళాల వెడల్పుది తీసుకోవాలి. రెండు వైపులా రెండేసి అంగుళాలు బయటికి రావాలి, వాలు అర అంగుళం డాబా వైపుకి ఉండాలి. ఇక ముఖ్యమైనది గాడి. బండ అడుగున, బయటి అంచుకి అంగుళం లోపల, పొడవునా కటింగ్ మెషీన్‌తో చిటికెన వేలి వెడల్పున, 6 మిల్లీమీటర్ల లోతున కోయించాలి. బండ అంచు పట్టుకుని లోపలికి జారే నీటి చుక్క ఆ గాడి దగ్గర ఆగి కింద పడిపోతుంది, గోడని తాకదు. బండ పరిచేటప్పుడు మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పొంగి గాడి పూడిపోతుంది కాబట్టి ముందే అందులో తాడు పెట్టించి, మాలు గట్టిపడక ముందే లాగించాలి. మాకు ఒక మూల ఈ తాడు మర్చిపోయారు. ఆ మూడు అడుగుల మేర ఇప్పటికీ చార పడుతోంది, పక్కనంతా శుభ్రంగా ఉంది.

కిటికీ సజ్జాలకి మాత్రం గాడి కోయించకండి. పాత సజ్జా అంచు సన్నగా ఉంటుంది, కోస్తే పెచ్చులూడుతుంది. అడుగున అంచు వెంట సన్నటి అల్యూమినియం యాంగిల్ (L ఆకారపు పట్టీ) అంటిస్తే అదే పని చేస్తుంది.

రంగు సంగతి. పాత సున్నం మీద ఎమల్షన్ వేస్తే సున్నంతో సహా పొరలు పొరలుగా లేచొస్తుంది. వైర్ బ్రష్‌తో గోకి, ప్రెషర్ వాష్ చేయించి, గోడ పూర్తిగా ఆరనిచ్చి, పగుళ్ళు పూడ్చి, ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక కోటు, రంగు రెండు కోట్లు. రెండు కోట్లకి లీటరు రంగు సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది. పెయింటరు ఇంకా ఎక్కువ వస్తుందంటే నీళ్ళు ఎక్కువ కలుపుతున్నాడేమో చూసుకోండి. లోపలి గోడల పుట్టీ బయట వాడితే వానకి ఉబ్బుతుంది. బయటికి వైట్ సిమెంట్ పుట్టీయే, అదీ పల్చగా.

మేం చేసిన పెద్ద తప్పు గోడ అడుగు భాగంలో. నేల నుంచి చెమ్మ ఎక్కే గోడకి మూడు అడుగుల ఎత్తు దాకా టైల్స్ అంటించాం. చెమ్మ ఆగలేదు. బయటికి ఆరే దారి లేక ఇంకా పైకెక్కి, టైల్స్ పై అంచు దగ్గర ఉప్పు పొంగి రంగు బొబ్బలెత్తింది. చివరికి టైల్స్ తీయించి, ప్లాస్టరింగ్ కొట్టేసి కొత్తది చేయించి, గోడ పక్క గచ్చు వాలు వీధి వైపుకి మార్పించాక తగ్గింది. టైల్స్ తీసినప్పుడు ఇంకొకటి బయటపడింది: ప్రతి టైల్ వెనక నాలుగు మూలలా, నడుమ ఒకటి, ఐదు ముద్దలు సిమెంటు పెట్టి అతికించారు. మధ్యంతా డొల్ల. పోర్టికో స్తంభాల మీద రెండు టైల్స్ మూడో ఏడు ఊడిపడింది కూడా ఇందుకే. విట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చదు, ఉత్త సిమెంటు దానికి పట్టదు. పాలిమర్ కలిసిన టైల్స్ గమ్‌ని పళ్ళ తాపీతో గోడంతా గీతలుగా పరిచి, టైల్ వెనకా పల్చగా రాసి అద్దాలి. మధ్యలో 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. వారం ఆగి రూపాయి బిళ్ళతో ప్రతి టైల్‌ని కొట్టి చూడండి. డొల్ల మోగితే డబ్బు ఇవ్వక ముందే మార్పించండి. తల ఎత్తుకి మించి టైల్స్ వద్దని నా అభిప్రాయం. పైన టెక్స్చర్ రంగు చాలు, ఊడినా మనిషి మీద పడదు.

లోపలి గోడ తీయడం తృప్తినిచ్చింది, కానీ తొందరపడే పని కాదు. ఆ కాలపు ఇళ్ళు చాలా వరకు పిల్లర్లు లేకుండా తొమ్మిది అంగుళాల గోడల మీదే స్లాబు వేసినవి. అలాంటి గోడ తీయాలంటే రెండు పక్కలా జాకీలు బిగించి, ఇనుప బీము ఎక్కించాల్సిందే. మాది నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ. పైన ప్లాస్టరింగ్ గీకి చూస్తే బీము కనిపించింది, పైవాటాలో అదే చోట గోడ లేదు. అయినా స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూశాకే ముట్టుకున్నాం. సమ్మెటతో మోదకుండా అంచులు మెషీన్‌తో కోసి, పై వరస ఇటుకల నుంచి కిందికి తీయించాలి. లేకపోతే పక్క గోడల ప్లాస్టరింగ్ పగుళ్ళిస్తుంది. తీసేసిన గోడ కింద గచ్చు ఉండదన్నది ముందు ఎవరికీ తట్టదు. పాత మొజాయిక్‌కి జత దొరకదు కనక ఆ పట్టీలో నల్ల గ్రానైట్ వేయించాం, గడపలా అందంగా కుదిరింది.

వెలుతురు బాగా పెరిగింది, పగలు హాల్లో లైటు వేయనక్కర్లేదు. అయితే ఎండుమిర్చి పోపు పడితే హాలంతా దగ్గులే. చిమ్నీకి ఆరంగుళాల గొట్టం, ఒకే ఒక్క వంపుతో నేరుగా బయటికి ఉండాలి. మాకు మొదట ముడతల గొట్టం మూడు వంపులు తిప్పి పెట్టారు; ముడతల్లో జిడ్డు పేరుకుని ఏడాదికే లాగడం మానేసింది. గొట్టం మార్చాక కూడా పొయ్యి వైపు సగానికి జరిపే అద్దం తలుపు పెట్టించాల్సి వచ్చింది. రోజూ రెండు పూటలా వండే ఇంటికి మొదటి నుంచే ఆ అద్దం లెక్కలో వేసుకోవడం మంచిది. గోడలోని స్విచ్ బోర్డుకి కొత్త చోటూ, ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకునే జాగా కూడా గోడ పడక ముందే నేల మీద సుద్దతో గీసి చూసుకోండి.

ఏటా మే నెలలో చేసేది ఒక్కటే: నిచ్చెన వేసి బండ కింద గాడిలో సాలెగూళ్ళూ, కందిరీగల మట్టిగూళ్ళూ గీకేయడం. అది పూడితే చారలు మళ్ళీ మొదలు.