పజేరోలో పోయాం, ల్యాండ్‌ క్రూజర్‌లో వచ్చాం

వారానికి రెండుసార్లు నెల్లూరు, ఒంగోలు మధ్య తిరిగేవాడికి పాత పెద్ద బండ్ల పిచ్చి పట్టిందంటే ఇంట్లోవాళ్లు రోగం కిందే లెక్కేస్తారు. చిన్న కారులో తిరిగి తిరిగి నడుం పోతోందన్న సాకు నాకెలాగూ ఉంది. పోయిన కార్తీకంలో ఆ సాకు మీదే, పాత పెద్ద బండ్లలో ఏది కొనాలో తేల్చుకుందామని బయల్దేరాం. బావ దగ్గర 2.8 లీటర్ల డీజిల్ పజేరో ఉంది. చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం చేసే స్నేహితుడి దగ్గర ల్యాండ్‌ క్రూజర్‌ 100 సిరీస్ ఉంది. పజేరోలో ఒంగోలు పోయి, అక్కడ బండ్లు మార్చుకుని, పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా భైరవకోన చూసి, ఉదయగిరి దారిన ఇల్లు చేరాలని అనుకున్నాం.

రేంజ్‌ రోవర్‌ని మొదట్లోనే పక్కన పెట్టేశాను. 1994లో వచ్చిన రెండో తరం బండికి నాలుగు చక్రాల దగ్గరా స్ప్రింగుల బదులు గాలి సంచులు ఉంటాయి. వయసు మీదపడి అవి కారితే, రాత్రి నిలబెట్టిన బండి తెల్లారేసరికి గేదె పడుకున్నట్టు కూలబడి ఉంటుంది. చాలామంది వాటిని పీకించి మామూలు కాయిల్ స్ప్రింగులు వేయించుకుంటున్నారు. దాని మెత్తదనం కోసమేగా కొనేది, అదే పీకేశాక ఇంకేముంది?

పెన్నా దాటి కోవూరు వదిలేసరికి పజేరో గుణం తెలిసిపోయింది. ఎనభై, తొంభై మధ్య హాయిగా పోతుంది. నూరు దగ్గరికొస్తే బావ పక్క సీట్లోంచి కేకేసి మాట్లాడాలి. స్టీరింగ్‌లో రెండు వేళ్ల మందం ఖాళీ ఉంది, దాన్నెప్పుడూ సరిచేస్తూనే ఉండాలి. ఈ బండి డాకార్ ర్యాలీ 12 సార్లు గెలిచిందని బావ ముసునూరు టోల్ దాకా చెబుతూనే ఉన్నాడు. ఎడారిలో గెలిచిన సంగతి, ముందు పోతున్న కంకర లారీకేం తెలుసు!

కావలి దాటాక వాన పట్టుకుంది. అప్పుడు మాత్రం నోరు మూసుకోవాల్సి వచ్చింది. మామూలు జీపుల్లో ఫోర్ వీల్ వేసి తారు రోడ్డు మీద పోతే మలుపుల్లో చక్రాలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, గేర్లు దెబ్బతింటాయి. దీంట్లో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య ఇంకో డిఫరెన్షియల్ (రెండు ఇరుసుల్నీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండబట్టి, బండి ఆపకుండానే చిన్న లీవరు లాగి నాలుగు చక్రాలకూ పవర్ ఇవ్వొచ్చు. నీళ్లు నిలిచిన చోట కూడా సింగరాయకొండ దాకా బండి అటూ ఇటూ కాలేదు. "చూస్తివా? ఊరికే అనలా నేను" అన్నాడు బావ.

ఒంగోల్లో బస్టాండు దగ్గర లాడ్జి. రూము శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు కూడా వచ్చాయి. చిక్కంతా పార్కింగుతోనే. సెల్లార్లోకి దిగబోతే పజేరో క్యారియర్ పైకప్పుకు గీసుకుంది. చివరికి రోడ్డు మీదే పెట్టి వాచ్‌మన్‌కి వంద ఇచ్చాం. ఇలాంటి బండిలో పోయేవాళ్లు బైపాస్ పక్కన ఖాళీ జాగా ఉన్న లాడ్జి చూసుకోవడం మేలు.

పొద్దున ల్యాండ్‌ క్రూజర్‌ ఎక్కాం. 4.2 లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు. బయల్దేరిన పది నిమిషాలకే పజేరో మీద ప్రేమ సగం తగ్గింది. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ పవర్ పోతూనే ఉంటుంది, దానికోసం మనం లాగాల్సిన లీవరంటూ లేదు. నూరులో పోతున్నా బావ మామూలు గొంతుతోనే సణిగాడు. వెనక సీట్లో అక్క పొదిలి దాకా నిద్రపోయింది, పజేరోలో ఆమె కళ్లు మూసిందే లేదు. కాకపోతే లీటరుకు ఏడున్నర దాటలేదు, పజేరో తొమ్మిది ఇచ్చింది.

పామూరు ముందర బానెట్ నుంచి ఆవిరి. రేడియేటర్ హోసు చిట్లింది. మా స్నేహితుడు చవగ్గా దొరికిందని వేయించిందట. ఒంగోలుకు ఫోన్ చేస్తే అసలుది తెప్పించాలి, నాలుగు రోజులన్నారు. పామూర్లో ట్రాక్టర్ మెకానిక్ ఒకాయన తన దగ్గరున్న హోసు కోసి, రెండు క్లాంపులు బిగించి, రేడియేటర్లో నీళ్లు పోసి, మూడు వందలు తీసుకున్నాడు. "నెల్లూరు దాకా ఏం కాదు సార్, మెల్లిగా పోండి" అన్నాడు, నిజంగానే ఏం కాలేదు.

భైరవకోనలో ఒకే కొండను తొలిచి చేసిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం. వానల వల్ల నీళ్లు బాగున్నాయి. గుడి దాకా ఆటోలు కూడా వచ్చి ఉన్నాయి, నిట్టెత్తులకీ బురదకీ వాడే లో రేంజ్ గేరు ముట్టుకునే పనే పడలేదు. ఉదయగిరి కోట కొండను కిందనుంచే చూసి, ఆత్మకూరు మీదుగా చీకటి పడ్డాక నెల్లూరు చేరాం.

హైవే మీద సుఖం ల్యాండ్‌ క్రూజర్‌దే, అందులో వాదన లేదు. కానీ నేను చూస్తున్నది పజేరోనే. మన రోడ్డు మీద బైకులు, గొర్రెల మందలు, డివైడర్ సందుల్లోంచి దూరే ట్రాక్టర్లు తొంభై దాటనివ్వవు. నెల్లూరు ఆటోనగర్లో దాన్ని విప్పి బిగించిన చేతులున్నాయి, సామాను చెన్నై నుంచి మర్నాటికి వస్తుంది.

ఇప్పటికి మూడు చూశా. మొదటిదానికి పదిహేనేళ్లు దాటినా ఆర్సీ రెన్యువల్ లేదు. రెండోదానికి టైర్లు కొత్తగా మెరుస్తున్నాయి గానీ పక్కన చివరి నాలుగంకెలు 2314, అంటే 2014లో ఇరవై మూడో వారంలో తయారైనవి. మూడోది చూడ్డానికి ముచ్చటగా ఉంది. కిందికి దూరి సుత్తితో ఛాసిస్ మీద తడితే తుప్పు పెచ్చులుగా రాలింది. రొయ్యల చెరువుల గట్ల మీద, ఉప్పునీళ్లలో తిరిగిన బండది. ఈ ఆదివారం గూడూరులో ఇంకోటుందన్నారు, సుత్తి డిక్కీలోనే ఉంది.