ఆట మానేశాక నెట్‌బాల్‌లో కోచింగా, అంపైరింగా?

తిరుపతిలో కాలేజీ జట్టుకు ఆడి డిగ్రీ ముగించిన అమ్మాయికి ఈ రెండు దారులూ ఉన్నాయి. ఖర్చు తక్కువది అంపైరింగే: ఒక విజిల్, రూల్ పుస్తకం, పరుగెత్తే ఓపిక చాలు. మ్యాచ్‌కు ఇద్దరు అంపైర్లు, ఒక్కొక్కరికి సగం కోర్టు. పదిహేను నిమిషాల క్వార్టర్లు నాలుగు. కొత్తవాళ్లు తడబడేది బంతినే చూస్తుండటం వల్ల. బంతి అందుకున్న అమ్మాయి దాన్ని వదలాల్సిన మూడు సెకన్లు లెక్కపెడుతూనే, ఆమెను అడ్డుకునే డిఫెండర్ 0.9 మీటర్ల దూరం పాటిస్తోందా అన్నదీ చూడాలి. అడ్వాంటేజ్ ఇవ్వాల్సిన చోట, అంటే తప్పు జరిగినా ఆట ఆపకపోతేనే ఎదుటి జట్టుకు లాభమైన చోట, తొందరపడి విజిల్ ఊదితే ఆట చచ్చిపోతుంది.

కోచింగ్‌కు సరంజామా ఎక్కువ: ఏడు స్థానాలకు బిబ్‌లు (స్థానం పేరు అక్షరాల్లో ఉండే, చొక్కా మీద తొడిగేవి), బంతులు, 3.05 మీటర్ల ఎత్తులో బోర్డు లేని రింగ్. మన స్కూళ్లలో బాస్కెట్‌బాల్ కోర్టే దిక్కు. దాని పొడవు 28 మీటర్లు, నెట్‌బాల్‌కు 30.5 కావాలి. పాత గీతలనే నమ్ముకుంటే పాస్‌ల దూరం తప్పుగా అలవాటవుతుంది, సుద్దతో కొత్తవి గీయండి. బాస్కెట్‌బాల్ నుంచి వచ్చిన పిల్లలు డ్రిబుల్ చేస్తారు, బంతి పట్టుకుని నేలకు తాకిన మొదటి కాలిని ఎత్తి, బంతి వదలకుండానే మళ్లీ దించేస్తారు; నెట్‌బాల్‌లో రెండూ తప్పే. అందుకే మొదటి వారాలు ల్యాండింగ్‌కే, అంటే బంతి అందుకుని నేల మీద దిగడానికే: మోకాళ్లు వంచి, రెండు కాళ్ల మీద.

ముందు అంపైరింగ్ నేర్చుకోవడమే మేలు; రూల్స్ తెలియని కోచ్ పిల్లలకు పెనాల్టీలే నేర్పుతుంది.