రాత్రి ఎక్కించిన అద్దం తెల్లారేసరికి దిగింది: సిలిండర్ల రీబిల్డ్ సర్వీసుపై నా రివ్యూ

బండి 1949 బ్యూక్ రోడ్‌మాస్టర్ కన్వర్టిబుల్. డోర్లు రెండే గానీ అద్దాలు నాలుగు, నాలుగూ హైడ్రాలిక్, అంటే ఆయిల్ ఒత్తిడితో ఎక్కేవి. ఆ ఆయిల్ బ్రేకుల్లో పోసేదే. కుడి డోర్ అడుగు నుంచి కారే బ్రేక్ ఆయిల్ పెయింటు లేపేస్తుంటే, ఇక లాభం లేదని అద్దాల్ని ఎత్తే సిలిండర్లు నాలుగూ విప్పి రీబిల్డ్‌కి పంపాను. బిగించి ఆరు నెలలైంది.

పని శుభ్రంగా చేశారు. లోపల తుప్పు గుంటలు తీసేశారు, కొత్త సీళ్ళు వేశారు, ఏ సిలిండర్ ఏ అద్దానిదో చీటీలు కట్టి మరీ పంపారు. మొదటి రోజు నాలుగు అద్దాలూ ఎక్కడా ఆగకుండా ఎక్కాయి.

తెల్లారి చూస్తే ఎడమ వెనక అద్దం రెండంగుళాలు దిగి ఉంది. టెన్షన్ పడి వాళ్ళని తిట్టుకుంటూ సిలిండర్‌ని కప్పే లోపలి ప్యాడ్ మళ్ళీ ఊడదీశాను. సిలిండర్ చుట్టూ పొడిగా ఉంది, ఒక్క బొట్టు లేదు. మరి ఆయిల్ ఎటు పోయింది?

ఈ బండిలో అద్దానికో మోటారు ఉండదు. అన్నిటికీ కలిపి ఒకటే పంపు. పైకి నొక్కితే పంపు తిరుగుతుంది, ఆ సిలిండర్ వాల్వ్‌ని సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే అయస్కాంతం) తెరుస్తుంది, ఆయిల్ వెళ్ళి పిస్టన్‌ని తోస్తుంది. కిందికి నొక్కితే పంపు తిరగదు. వాల్వ్ ఒక్కటే తెరుచుకుంటుంది, స్ప్రింగులు అద్దాన్ని లాగుతాయి, ఆయిల్ తిరిగి పంపు దగ్గరి ఆయిల్ డబ్బాలోకి పోతుంది. అంటే సీల్ పోతే ఆయిల్ బయట కారాలి. బయట పొడిగా ఉండి అద్దం జారిందంటే వాల్వ్ సరిగా మూసుకోవట్లేదని. విప్పితే ఆవగింజంత తుప్పు రేణువు కనిపించింది. తుడిచాక, ఎక్కించిన అద్దం మళ్ళీ జారలేదు.

వాల్వులు వాళ్ళు ముట్టుకోరట, అడిగితేనే చేస్తారట. ఆ ముక్క ముందే చెప్పాల్సింది. "చేత్తో తిప్పే హ్యాండిల్ అయితే ఈ గొడవే ఉండేది కాదుగా" అంది మా ఆవిడ. జవాబు చెప్పలేదు.

ఇంకో సంగతి. ఏ ఆయిల్ పోస్తారని వాళ్ళు ముందే అడిగారు. దీనికి మాత్రం దండం పెట్టొచ్చు. ఎందుకంటే ఇంతకుముందు ఒకసారి ఒక మెకానిక్ ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే ఎర్ర ఆయిల్ పోశాడు. బ్రేక్ ఆయిల్ పెయింటుని తింటుంది, తేమ పీల్చి సిలిండర్‌కి తుప్పు పట్టిస్తుంది, అందుకే మార్చానన్నాడు. ఆలోచన బాగానే ఉంది. కానీ బ్రేక్ ఆయిల్ కోసం చేసిన రబ్బరు ఆ నూనెలో, వానకి తడిసిన తలుపులా ఉబ్బి బిగుసుకుపోయింది. ఈసారి పైపులన్నీ స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, సిలికాన్ రకం బ్రేక్ ఆయిల్ డాట్ 5 పోశాను. అది పెయింటు జోలికి పోదు. పాత రకం బ్రేక్ ఆయిల్‌తో మాత్రం కలపకూడదు. డబ్బా నింపేటప్పుడు అద్దాలన్నీ దించి ఉంచండి. ఎక్కించి నింపితే, దించినప్పుడు ఆయిల్ పొంగి బయటికొస్తుంది.

అద్దాలు నిదానంగా ఎక్కుతున్నాయని ఫోన్ చేసి వాళ్ళ మీద అరిచేముందు ఎర్త్ వైరు చూసుకోండి. ఇది 6 వోల్టుల బండి, కాస్త తుప్పున్నా పంపు నీరసపడుతుంది. నేను అరిచాక చూసుకున్నాను.

ఐదుకి నాలుగు. మిగిలిన ఒకటి వాల్వుల దగ్గర పోయింది.