బూచాడికి జాతకం రాసిన సినిమా: ‘హాలోవీన్: ద కర్స్ ఆఫ్ మైఖేల్ మైయర్స్’

‘హాలోవీన్’ హారర్ సినిమాల వరసలో 1995లో వచ్చిన ఈ ఆరో భాగాన్ని మొదటిసారి చూసింది 2003లో, గుంటూరులో, అద్దెకు తెచ్చిన వీసీడీలో. అప్పటినుంచి ఏటా అక్టోబరు చివర్లో ఒక్కసారైనా పెట్టుకుని చూస్తున్నాను. థియేటర్లలో విడుదలైన వెర్షన్ పదిహేనుసార్ల పైనే చూసుంటాను. వేరే ముగింపు ఉన్న ‘ప్రొడ్యూసర్స్ కట్’ వెర్షన్ డిస్క్ మీద వచ్చాక అదొక ఆరేడుసార్లు. ఇష్టం లేకపోతే ఇన్నిసార్లు ఎవరూ చూడరు. ఇష్టం ఉంది కాబట్టే ఇందులో జరిగిన తప్పు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. కథంతా చెప్పేస్తున్నాను, చూడనివాళ్లు చూసొచ్చాక చదవండి.

ఆ మొదటిసారి సంగతి చెప్పాలి. ముందురోజు రాత్రి నేనూ మా అక్కా 1978 నాటి అసలు ‘హాలోవీన్’ చూశాం. అయిపోయాక అక్క అడిగింది, “ఒరేయ్, అసలు వాడెందుకు చంపుతున్నాడ్రా?” అని. “చెప్పలేదు కదక్కా” అన్నాను. అక్క ఇంకేం మాట్లాడలేదు. లేచి వెళ్లి పెరటి తలుపు గడియ పడిందో లేదో చూసొచ్చింది. పడుకునే ముందు మళ్లీ వెళ్లి చూసొచ్చింది. మర్నాడు రాత్రి ఈ ఆరో భాగం పెట్టాం. సగం సినిమాలో టామీ అనే కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని మైఖేల్ మైయర్స్ హంతకుడు ఎందుకయ్యాడో వివరంగా చెప్పాడు. “ఓహో, శాపమా” అంది అక్క. దిండు సర్దుకుని నిద్రపోయింది. క్లైమాక్స్ నేనొక్కడినే చూశాను.

జాన్ కార్పెంటర్ తీసిన ఆ మొదటి సినిమాలో నాకు అన్నిటికంటే భయం వేసే సీన్‌లో రక్తం చుక్క కూడా లేదు. పట్టపగలు. లోరీ స్ట్రోడ్ వాళ్ల నాన్న ఇళ్లు అమ్మిపెట్టే వ్యాపారం చేస్తాడు. పాడుబడిన మైయర్స్ ఇల్లు చూడటానికి ఎవరో వస్తున్నారు, తాళంచెవి అక్కడ పెట్టి వెళ్లమని కూతురికి చెప్తాడు. లోరీ స్కూలుకు వెళ్తూ ఆ దారిన వస్తుంది. వెంట టామీ డాయిల్ అనే పిల్లాడు. ఆ ఇంటి దగ్గరికి వెళ్లకూడదంటాడు వాడు. ఆ అమ్మాయి పట్టించుకోకుండా మెట్లెక్కి, గుమ్మం దగ్గర తాళంచెవి పెట్టి, దిగి వెళ్లిపోతుంది. ఆ టైంలో కెమెరా ఇంటి లోపల, చీకట్లో ఉంటుంది. లోపలినుంచి ఒక ఆకారం ఆమెను చూస్తూ ఉంటుంది, ఊపిరి వినిపిస్తుంది. అంతే. ఆ రోజు ఆ తాళంచెవి పెట్టడానికి ఇంకెవరు వచ్చినా వాళ్ల వెంటే పడేవాడేమో. లోరీ చేసిన తప్పేం లేదు. నాన్న చెప్పిన పని చేసింది, వాడి కంట పడింది. ఇలాంటిది ఎవరికైనా జరగొచ్చు అన్న ఆలోచనే మా అక్కను లేపి గడియ దగ్గరికి పంపింది.

మన ఇళ్లల్లో అన్నం తినని పిల్లలకు బూచాడొస్తాడని చెప్తారు. వాడిది ఏ ఊరు, ఎవరి కొడుకు, పట్టుకెళ్లి ఏం చేస్తాడు, ఇవేవీ అమ్మ చెప్పదు. మనమూ అడగం. మొదటి సినిమా చివర్లో లోరీ ఏడుస్తూ అడిగేది కూడా బూచాడి గురించే. అవును, వాడే అన్నట్టు జవాబిస్తాడు డాక్టర్ లూమిస్. పదిహేనేళ్లు వైద్యం చేసిన మానసిక వైద్యుడి నోట ఆ మాట వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది. చదువంతా అయ్యాక ఆ మనిషికి మిగిలిన పదం అదొక్కటే. కిందికి చూస్తే, కాల్పులు తిని పడ్డ శవం అక్కడ ఉండదు. ఆ తర్వాత వరసగా ఖాళీ గదులు, ఖాళీ మెట్లు, ఖాళీ ఇళ్లు, వాటి మీద ఊపిరి శబ్దం. ఆఖరికి టైటిల్స్‌లో కూడా ముసుగులో ఉన్న పాత్ర పేరు ‘ద షేప్’ అనే వేశారు. ఆకారం, అంతే.

ఇక వివరణ మొదలుపెట్టింది ఆరో భాగం కాదు. 1981లో వచ్చిన రెండో భాగంలోనే లోరీ మైఖేల్‌కు చెల్లెలని తేల్చారు. అది రాసింది కార్పెంటర్, డెబ్రా హిల్ ఇద్దరే. ఆ నిర్ణయం తనకే నచ్చలేదని కార్పెంటర్ తర్వాత ఒప్పుకున్నాడు. దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. మొదటి సినిమాను టీవీలో వేయడానికి నిడివి చాలకపోతే, రెండో భాగం తీస్తున్న సమయంలోనే కొన్ని కొత్త సీన్లు తీసి అందులో కలిపారు. ఆసుపత్రి గది తలుపు మీద మైఖేల్ ‘సిస్టర్’ అని గీకి ఉంటాడు. అంటే రెండో భాగంలో పుట్టిన వివరణను వెనక్కి తీసుకెళ్లి మొదటి సినిమాకే అతికించారు. ఇక తాళంచెవి సీన్‌లో యాదృచ్ఛికం ఎక్కడ మిగిలింది?

1989లో వచ్చిన ఐదో భాగంలో నల్లకోటు వేసుకున్న ఒక మనిషిని చూపించారు. ముంజేతి మీద ఒక గుర్తు, బూట్లకు ఇనప తొడుగులు. చివర్లో పోలీస్ స్టేషన్ మీద దాడి చేసి మైఖేల్‌ను విడిపించుకుపోతాడు. వాడెవడో తీసినవాళ్లే అప్పటికి నిర్ణయించుకోలేదు. ఆ అప్పు ఆరేళ్లకు ఆరో భాగం రాసిన డేనియల్ ఫారండ్స్ నెత్తిన పడింది. అందుకే ఆయన్ని నేను పూర్తిగా తప్పుపట్టలేను. ఎవరో చేసిన అప్పు తీర్చాలంటే వివరణ రాయక తప్పదు. కానీ వడ్డీతో సహా తీర్చాడు.

ఆ వివరణ ఇది. ‘థార్న్’ అని ఒక పురాతన గుర్తు. అదే ఆకారంలో ఒక నక్షత్ర సమూహం అప్పుడప్పుడూ హాలోవీన్ రాత్రి ఆకాశంలో కనిపిస్తుంది. డ్రూయిడ్లనే పాతకాలపు కెల్టిక్ పూజారుల కాలంనుంచి ఒక బిడ్డను ఎంచి ఆ శాపం అంటగట్టేవాళ్లు. ఆ బిడ్డ తన రక్తసంబంధీకులందర్నీ బలిస్తే మిగతా తెగ చల్లగా ఉంటుంది. మైఖేల్ అలా ఎంపికైన బిడ్డ. వాణ్ణి కాపాడుతూ వచ్చిన గుంపుకు పెద్ద ఆ నల్లకోటు మనిషి, అంటే స్మిత్స్ గ్రోవ్ ఆసుపత్రిలో లూమిస్‌తో కలిసి పనిచేసిన డాక్టర్ విన్. నక్షత్రం కనిపించిన సంవత్సరాలూ మైఖేల్ బయటికొచ్చిన సంవత్సరాలూ సరిపోతున్నాయని టామీ లెక్క చూపిస్తాడు.

నక్షత్రం, పుట్టుక, దోషం, వంశం. జాతకాలు వింటూ పెరిగిన మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది. సమస్య కూడా అక్కడే. దోషం ఉందంటే శాంతి కూడా ఉంటుంది. నిజంగానే ప్రొడ్యూసర్స్ కట్‌లో టామీ నేలమీద రూన్ రాళ్లు, అంటే పాత లిపి గుర్తులున్న రాళ్లు పేర్చి మైఖేల్‌ను ఆపేస్తాడు. అంతకాలం తుపాకులకూ మంటలకూ ఆగనివాడు రాళ్ల ముందు బొమ్మలా నిలబడిపోతాడు. ఆ నిమిషంలో మైఖేల్ మీద నాకు భయం పోయి, జాలి లాంటిదేదో కలుగుతుంది. వాడు ఎవరో చెప్పిన పని చేస్తున్న మనిషి. పైన ఒక యజమాని ఉన్నాడు, ఆ యజమాని కోటు వేసుకుని, అందరు విలన్లలాగే చాలాసేపు మాట్లాడతాడు.

పైగా ఈ లెక్క కుదరదు కూడా. రక్తసంబంధం ఉన్నవాళ్లనే చంపాలన్నది శాపమైతే మొదటి సినిమాలో చనిపోయిన ఆనీ, లిండా, బాబ్ వాడికి ఏమవుతారు? బాబ్‌ను కత్తితో గుచ్చేశాక మైఖేల్ తల అటూ ఇటూ వంచి చూస్తాడే, ఆ చూపుకు ఏ నక్షత్రం కారణం? పిల్లాడు గోడమీద పురుగును చూసినట్టు చూస్తాడు. ఆ తల వంచడంలో ఉన్నదాన్ని చెప్పే మాట ఏ పుస్తకంలోనూ దొరకదు. వివరణ ఎంత పెద్దదైనా ఆ రెండు మూడు సెకన్లను మాత్రం ముట్టుకోలేకపోయింది.

వివరించే పని టామీకి అప్పగించడం మాత్రం ఆలోచించదగ్గ విషయం. తాళంచెవి రోజున లోరీ పక్కనున్న పిల్లాడే ఈ టామీ. ఆ రాత్రి కిటికీలోంచి, ఎదురింటి దగ్గర నిలబడ్డ ఆకారాన్ని చూసి బూచాడని చెప్పినా ఎవరూ నమ్మలేదు. పదిహేడేళ్ల తర్వాత మైయర్స్ ఇంటికి ఎదురుగా గది అద్దెకు తీసుకుని, ఇప్పటికీ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆ పాత్ర వేసింది పాల్ రడ్, అప్పటికి కొత్త కుర్రాడు. తర్వాత కామెడీల్లో పేరు తెచ్చుకున్న నటుడంటే నమ్మబుద్ధి కాదు. రెప్ప వేయని కళ్లు, మనుషులతో మాట్లాడటం మర్చిపోయిన గొంతు. చిన్నప్పుడు భయం చూసినవాడు దానికి కారణం వెతుక్కుంటూ జీవితమంతా గడపడం నాకు చాలా నిజంగా అనిపిస్తుంది. వాడు వెతకాలి, ఎన్ని పుస్తకాలైనా తిరగెయ్యాలి. కానీ వాడికి జవాబు దొరక్కూడదు. దొరికినట్టు సినిమా ఒప్పేసుకోవడమే నా ఫిర్యాదు.

రెండు వెర్షన్ల సంగతి. షూటింగ్ యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో 1994లో జరిగింది. ప్రివ్యూ చూసినవాళ్లకు ముగింపు నచ్చలేదని రీషూట్‌కు వెళ్లారు. ఈలోగా 1995 ఫిబ్రవరి 2న లూమిస్ పాత్రధారి డొనాల్డ్ ప్లెజెన్స్ కన్నుమూశారు. ఆయన లేకుండానే చివరి భాగమంతా కొత్తగా తీసి సెప్టెంబరులో విడుదల చేశారు. పాత ముగింపు ఉన్న ప్రొడ్యూసర్స్ కట్ ఏళ్లతరబడి దొంగ క్యాసెట్లలో తిరిగి, 2014లో గానీ అధికారికంగా డిస్క్ మీదకు రాలేదు.

ప్రొడ్యూసర్స్ కట్‌లో వివరణ ఇంకా ఎక్కువ.  అయినా నాకు అదే నయం. శాపం అంటే చివరిదాకా శాపమే అంటుంది. థియేటర్ వెర్షన్ మొదటి గంట నక్షత్రాలూ డ్రూయిడ్లూ అని చెప్పి, చివరికొచ్చేసరికి లేబొరేటరీ, గాజు ట్యాంకుల్లో పిండాలు, ఆకుపచ్చ ద్రవం ఎక్కించిన సిరంజీలు చూపిస్తుంది. శాపమా, సైన్సా? రెండూ సగం సగం. అంతసేపు వివరణ విన్న మనకు చివరికి ఆ వివరణా దక్కదు, మిస్టరీ ఎలాగూ పోయింది. ఎడిటింగ్‌లో మెరుపులు, అరుపులు పెట్టి కోసిన తీరు కూడా అలసట తెప్పిస్తుంది.

ఇన్నిసార్లు ఎందుకు చూశానంటే, ఒకటి ప్లెజెన్స్. ఆరోగ్యం బాగాలేదని నడకలోనే తెలుస్తుంది. అయినా గొంతు విప్పితే గది చల్లబడుతుంది. మైయర్స్ ఇంట్లో ఇప్పుడు లోరీని పెంచినవాళ్ల బంధువులు కాపురం ఉంటున్నారు. ఆ ఇంటి ఇల్లాలు డెబ్రాకు ఆ సంగతే తెలియదు. లూమిస్ వచ్చి, ఇది ఎవరి ఇల్లో మెల్లగా చెప్పి, వెళ్లిపొమ్మని బతిమాలతాడు. రెండోది ఆ వెంటనే వచ్చే సీన్. డెబ్రా భయపడి పెరట్లోకి పరుగెత్తుతుంది. ఆరేసిన తెల్లటి దుప్పట్లు గాలికి ఊగుతుంటాయి. వాటి మధ్య చిక్కుకుపోయి తిరుగుతుంది. గొడ్డలి లేస్తుంది. తర్వాత తెల్లటి దుప్పటి మీద ఎర్రగా చిమ్మడం ఒక్కటే కనిపిస్తుంది. మొదటి సినిమాలో పట్టపగలు దుప్పట్ల మధ్య నిలబడి లోరీని చూసిన మైఖేల్ గుర్తొస్తాడు. ఎవరూ ఏమీ వివరించని నిమిషం అది. అలా తీయగలిగినవాళ్లు మిగతాదంతా అలా ఎందుకు తీయలేదా అని ప్రతిసారీ అనుకుంటాను.

స్లాషర్లలో, అంటే హంతకుడు ఒక్కొక్కర్నీ కత్తికి బలిచేసే ఇలాంటి సినిమాల్లో వివరణే వద్దని నేననను. మరుసటి సంవత్సరం వచ్చిన ‘స్క్రీమ్’లో హంతకులు చివర్లో కారణాలన్నీ చెప్తారు, అది బాగుంటుంది. అక్కడ ముసుగు వెనక ఎవరన్నదే ఆట, ముసుగు తీశాక మనిషి మాట్లాడాల్సిందే. ‘సైకో’ చివర్లో డాక్టర్ అంతా విడమరచి చెప్పాక కూడా దర్శకుడు హిచ్‌కాక్ హంతకుడు నార్మన్ ముఖం మీద ఆగి, ఆ నవ్వుతో డాక్టర్ చెప్పిందంతా చాలదనిపిస్తాడు. మైఖేల్ ముసుగు తీస్తే లోపల చెప్పడానికి ఎవరూ లేరు. మాట్లాడనివాడి తరఫున ఇంతమంది మాట్లాడితే వాడు చిన్నబోతాడు.

1998లో వచ్చిన ‘హెచ్20’ నాలుగు, ఐదు, ఆరు భాగాలను పక్కన పెట్టింది. 2018 నాటి ‘హాలోవీన్’ అయితే మొదటిది తప్ప అన్నీ తీసేసింది. వాళ్లు అన్నాచెల్లెళ్లట కదా అని ఎవరో అంటే, అది జనం అల్లిన కథ అని లోరీ మనవరాలే కొట్టిపారేస్తుంది. ఆ మాట వినగానే నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు.

ఐదుకు నేనిచ్చేది రెండున్నర. అందులో ఒకటి పూర్తిగా ప్లెజెన్స్‌కు. కొత్తగా చూడబోయేవాళ్లు ప్రొడ్యూసర్స్ కట్‌తో మొదలుపెట్టండి. నాలుగు, ఐదు భాగాలు చూడకుండా దిగితే మొదటి పది నిమిషాల్లో జేమీ ఎవరో, ఆ పసిబిడ్డ ఎవరో ఏమీ తెలియదు. మొదటి సినిమా చూసిన మర్నాడే మాత్రం దీన్ని పెట్టకండి, కనీసం ఒక వారం గడవనివ్వండి. గుంటూరులో ఆ రెండో రాత్రి పెరటి తలుపు గడియ ఎవరూ వెళ్లి చూడలేదు.