సర్కిల్ హుక్‌తో ఏడు సీజన్లు: మాంటాక్ సొరల వేటలో నా అనుభవం

రాడ్లు మారాయి, రీళ్ళు మారాయి, చివరికి బోటు కూడా మారింది. నా పెట్టెలో మారనిది ఒక్కటే, 16/0 సైజు సర్కిల్ హుక్, అంటే మొన లోపలికి తిరిగిన గుండ్రటి గాలం. 2018 నుంచి ఏడు సీజన్లు లాంగ్ ఐలాండ్ తూర్పు కొసన ఉన్న మాంటాక్ నుంచి సొరల కోసం దీంతోనే వెళ్తున్నాను. అమెరికా తూర్పు తీరంలో మనవాళ్ళు కొందరు ఇప్పుడు సముద్రం మీదికి వెళ్తున్నారు కాబట్టి, వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను దీన్ని ఇష్టపడి మొదలుపెట్టలేదు. 2018 జనవరి నుంచి రూల్ వచ్చింది. మసాచుసెట్స్‌లోని చాథం నుంచి దక్షిణాన అట్లాంటిక్‌లో ఎర కట్టి సొరల కోసం సరదాగా వేటాడేవాళ్ళు సర్కిల్ హుక్కే వాడాలి. మొన పక్కకు వంగి ఉండకూడదు. స్టెయిన్‌లెస్ స్టీల్ పనికిరాదు. పర్మిట్‌కి షార్క్ ఎండార్స్‌మెంట్, అంటే సొరల వేటకు విడిగా ఇచ్చే అనుమతి, కావాలంటే ఒక వీడియో చూసి క్విజ్ రాయాలి. నేను అదంతా విసుక్కుంటూనే చేశాను. అప్పటిదాకా వాడిన జె గాలం, అంటే ఇంగ్లిష్ జె అక్షరంలా ఉండే మామూలు గాలం, చేతికి బాగా అలవాటైపోయింది మరి.

అయితే ఆ జె గాలంతో నేను చూసిన ఒక దృశ్యం ఇప్పటికీ మనసులోంచి పోలేదు. 2016లో ఒక నీలి సొర గాలాన్ని కడుపులోకి మింగేసింది. బోటు పక్కకు తెచ్చేసరికి మొప్పల్లోంచి నెత్తురు కారుతోంది. గాలానికి కట్టిన వైరు కత్తిరించి వదిలాం. అది ఈదలేదు, పక్కకు ఒరిగి అలాగే కిందికి దిగిపోయింది. తినడానికి కాదు, అమ్మడానికి కాదు, ఊరికే ఒక ప్రాణం తీశామని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సర్కిల్ హుక్ మొన బయటికి చూడదు, లోపలికి, గాలం కాడ వైపు తిరిగి ఉంటుంది. సొర ఎరను మింగి కదిలిపోతుంటే దారం బిగుస్తుంది. గాలం గొంతులోంచి జారుతూ వచ్చి నోటి మూల దగ్గర తిరిగి దవడకు పట్టుకుంటుంది. మనం చేయాల్సింది ఏమీ లేదు. నిజానికి ఏమీ చేయకుండా ఉండటమే కష్టం. పసిఫిక్ దీవుల వాళ్ళు ఎప్పుడో ఎముకతో, ఆల్చిప్పతో ఇలాంటి వంపు గాలాలే చేసుకునేవారు.

ఈ గాలం మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది 2023 జూన్‌లో ఒక శనివారం. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే బోటు ముందు భాగం కూడా మసకగానే కనిపించింది. దక్షిణంగా పాతిక మైళ్ళు వెళ్ళాక నీళ్ళు 63 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించాయి. అక్కడ ఇంజన్ ఆపేశాం. బంకర్ అనే నూనె చేపను రుబ్బి గడ్డకట్టించిన బకెట్‌ని పక్కన వేలాడదీశాం. దీన్ని ఇక్కడ చమ్ అంటారు. బోటు గాలివాటున కొట్టుకుపోతుంటే వెనక నూనె జిడ్డు బాటలా పరుచుకుంటుంది. కాసేపటికి చిన్న నల్ల పిట్టలు వచ్చి నీటి మీద నడుస్తున్నట్టు ఎగురుతూ ఆ ముక్కలు ఏరుకున్నాయి. అవి వచ్చాయంటే చమ్ పనిచేస్తోందని మాకు ధైర్యం.

మూడు రాడ్లు పెట్టాం. దూరంగా ఉన్నది లోతుకి, దగ్గరది పైపైన. ఎర కానాగంత లాంటి చేప. గంటన్నర ఏమీ లేదు. తర్వాత మధ్య రీలు క్లిక్కర్, అంటే దారం పోతుంటే చప్పుడు చేసేది, కర్రుమంది. మా మిత్రుడికి అది రెండో ట్రిప్పు. ముందే చెప్పినా ఆత్రం ఆపుకోలేక రాడ్‌ని ఒక్కసారిగా వెనక్కి లాగాడు. ఎర, గాలం రెండూ సొర నోట్లోంచి జారి బయటికి వచ్చేశాయి. కొత్తవాళ్ళందరూ చేసే తప్పే ఇది. రెండు సీజన్లు నేనూ చేశాను.

ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ దారం పోతోంది. ఈసారి రాడ్ నేను తీసుకున్నాను. మనసులో పది దాకా లెక్కపెట్టి, రీలు లివర్‌ని మెల్లగా స్ట్రైక్ దాకా, అంటే దారం బిగిసే గుర్తు దాకా తోశాను. 50 పౌండ్ల లాగుడు తట్టుకునే దారానికి డ్రాగ్, అంటే రీలు బ్రేకు, 15 పౌండ్ల దగ్గర బిగించి ఉంది. రాడ్ దానంతట అదే వంగింది. అరగంటకు నీళ్ళలో ఒక నీలం వెలుగు కనిపించింది. నీలి సొర వీపు రంగు ఫోటోల్లో ఎన్నిసార్లు చూసినా అక్కడ చూసినట్టు ఉండదు. చల్లటి ఆకుపచ్చ నీళ్ళలోంచి సిరా నీలం పైకి లేస్తుంది. తొమ్మిది అడుగులు ఉంటుందని అంచనా. గాలం సరిగ్గా నోటి మూలన ఉంది. చుక్క నెత్తురు లేదు.

మధ్యాహ్నం మేకో అనే వేగమైన సొర పడింది. మొదటి పరుగులోనే నీళ్ళలోంచి పైకి లేచి, గాలిలో ఒక చుట్టు తిరిగి పడింది. బోటులో అందరం అరిచాం. వెనకటి రోజుల్లో అయితే దాన్ని రేవుకు తెచ్చి వేలాడదీసేవారు. 2022 జులై 5 నుంచి అట్లాంటిక్‌లో మేకోను ఉంచుకోకూడదు, వదిలేయాల్సిందే. దానికీ గాలం దవడ మూలనే ఉంది. గాలం ఊడదీసే పొడుగు కర్ర డీహుకర్‌తో ఒక్క తిప్పుకు ఊడి వచ్చింది. నీళ్ళలోంచి పైకి ఎత్తకుండానే వదిలేశాం.

ఇబ్బందులు కూడా చెప్పాలి. పెద్ద ముక్క ఎర కడితే మొనకీ కాడకీ మధ్య ఖాళీ నిండిపోతుంది, అప్పుడు గాలం తిరగదు. అందుకే ముక్కను ఒక కొసన మాత్రమే గుచ్చాలి. ఇవి తుప్పు పట్టే రకం. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగినా నాకు సీజన్ మించి ఆగవు. సొరకు మిగిలిపోతే కరిగిపోవాలనే అలా చేస్తారు, కాబట్టి దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు ఉన్నది ప్యాకెట్ల మీద. ఒకసారి నాన్-ఆఫ్‌సెట్, అంటే మొన పక్కకు వంగని రకం, అని రాసి ఉన్న ప్యాకెట్ కొంటే, బల్ల మీద పడుకోబెట్టి చూస్తే మొన పైకి లేచింది. ఇప్పుడు కొన్నవన్నీ బల్ల మీద పెట్టి చూశాకే వాడతాను. వైరుతో కలిపి అమ్మే రెడీమేడ్ రిగ్గులు కూడా మానేశాను. ఒకదానికి క్రింప్, అంటే వైరును నొక్కి పట్టే లోహపు గొట్టం, జారి మంచి సొర పోయింది. పదిహేను అడుగుల వైరు నేనే చుట్టుకుంటాను. సొర చర్మం గరుకు కాగితంలా ఉంటుంది, మామూలు దారం తగిలితే నిమిషాల్లో తెగుతుంది.

ఏడు సీజన్లలో గాలం గొంతులోకి దిగిన సొరలను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. నాకు అదే చాలు.

మాది ఉప్పాడ వైపు. అక్కడ సొర అంటే పుట్టు, బాలింతకు పాలు పడాలని వండిపెట్టే కూర. ఫోన్‌లో వీడియో చూసి అమ్మ, అంత చేపను పట్టి వదిలేస్తారేంట్రా అని నిజంగానే బాధపడింది. ఇది ఆ పాలసొర కాదమ్మా, దీని మాంసం అమ్మోనియా వాసన కొడుతుంది అని చెప్పాను. గాలం మూలన ఎలా ఉందో కూడా చూపించాను.

2023లో ఆ శనివారం పట్టిన నీలి సొరకు ట్యాగ్, అంటే నంబరున్న గుర్తు, వేశాం. రోడ్ ఐలాండ్‌లోని నారగాన్సెట్ ల్యాబ్ నడిపే ట్యాగింగ్ కార్యక్రమం 1962 నుంచి ఉంది. నాలాంటి వేటగాళ్ళూ, మత్స్యకారులూ వేసే ట్యాగులతోనే అది నడుస్తుంది. ఇక్కడ ట్యాగ్ వేసిన నీలి సొరలు అట్లాంటిక్ దాటి అజోర్స్ దగ్గర, స్పెయిన్ దగ్గర దొరికాయి. నెమ్మదిగా తోక ఊపుకుంటూ లోతుకి దిగిపోయిన ఆ సొర ట్యాగ్ నంబరు నా ఫోన్‌లో ఉంది. ఇంకా ఎక్కడినుంచీ కబురు రాలేదు.