ఫిష్ ఫైండర్‌లో 50 మేలా, 200 మేలా?

ఫిష్ ఫైండర్ అంటే నీళ్లలోకి శబ్దం పంపి, తగిలి తిరిగొచ్చినదాన్ని బట్టి కింద ఉన్న చేపల్ని తెర మీద చూపించే మెషిన్. బోటుకి కొత్తగా అది పెట్టించినవాళ్లకి మొదట వచ్చే చిక్కు ఇదే: ఆ శబ్దం ఫ్రీక్వెన్సీ 50 కిలోహెర్ట్జ్‌లో పెట్టి చూడాలా, 200లోనా? 50లో ఎక్కువ మేర కనిపిస్తుందంటారు. నిజమే. చాలాసార్లు తంటా కూడా దానితోనే.

శబ్దం బోటు అడుగు నుంచి బోర్లించిన గరాటాలా విచ్చుకుంటూ దిగుతుంది. ట్రాన్స్‌డ్యూసర్‌ని (బోటు అడుగున శబ్దం పంపి అందుకునే భాగాన్ని) బట్టి మారినా, 50లో ఆ కోణం సుమారు 45 డిగ్రీలు, 200లో 20 అనుకోండి. 30 మీటర్ల నీళ్లలో, అంటే 16 బారల లోతులో, మొదటిది నేల మీద 25 మీటర్ల వెడల్పు చూస్తుంది, రెండోది 10 మీటర్లే. ఆ 50 ఏం చేస్తుందంటే, కుడి పక్క చేప, ఎడమ పక్క చేప, సరిగ్గా బోటు కింద చేప, అన్నిటినీ తెర మీద ఒకే గీతలో పడేస్తుంది. వల ఎటు వెయ్యాలో చెప్పదు.

నేల దగ్గర ఇంకా కష్టం. గరాటా అంచున ఉన్న చేప నుంచి శబ్దం తిరిగొచ్చేలోపే నడిమధ్య నేల నుంచి వచ్చేస్తుంది. ఆ చేప నేల రంగు పట్టీలో కలిసిపోతుంది. లెక్కేసి చూస్తే అదే 30 మీటర్లలో, గరాటా అంచున 50కి నేల నుంచి 2 మీటర్ల పైదాకా ఏమీ తెలీదు. 200కి అర మీటరు లోపే. రాళ్ల మధ్య నేలనంటి ఉండే చేపల కోసం పోయేవాడు ఇక 50 మాట ఎత్తనక్కర్లేదు.

అలాగని 50ని తీసిపారెయ్యలేం. కిలోహెర్ట్జ్ పెరిగేకొద్దీ శబ్దాన్ని నీరు తొందరగా మింగేస్తుంది. ట్యూనా కోసం వందల మీటర్ల లోతుకి పోయే బోటుకి 50యే దిక్కు.

ఏది పెట్టినా తెరని చదవడం రావాలి. కుడి అంచున ఉన్నదే ఇప్పటిది, మిగతాదంతా వెనక్కిపోయింది. ఒకసారి లంగరు వేసి ఉండగా తెర పొడవునా లావుపాటి గీత చూసి, “బాబాయ్, ఎంత చేపో!” అని అరిచాను. బోటు నడిపే సరంగు తలైనా ఎత్తలేదు. “బోటూ కదల్లేదు, చేపా కదల్లేదురా. పొడుగు ఎక్కడిది?” అన్నాడు.

గీత ముదురుగా ఉంటే పెద్ద చేప అనుకోవడమూ పొరపాటే. శబ్దాన్ని బాగా తిప్పికొట్టేది చేప ఒంట్లోని గాలితిత్తి. సొరకి అది లేదు, అందుకే అంత ఒడ్డూ పొడుగూ ఉండి కూడా వెలవెలబోతుంది. ఇక తెర మీద చేప బొమ్మలు చూపించే సదుపాయం, నన్నడిగితే, మొదటిరోజే ఆపెయ్యాలి. నీటి బుడగలకీ బొమ్మ వేసేస్తుంది.

40 బారల లోపు తిరిగే బోటుకి నా ఓటు 200కే. రెండూ ఉన్న మెషిన్ అయితే తెరని సగం సగం చేసి పక్కపక్కన పెట్టుకోండి. 50లో కనిపించిన చేప 200లో లేకపోతే అది చాలామటుకు పక్కకి ఉన్నట్టు. వల దించకండి, బోటు కొంచెం తిప్పి మళ్లీ చూడండి.